పీల్చి పలికించెడి వాద్యము

తిరునాళ్లలో బొమ్మల దుకాణము ముందు పిల్లవాడు మారాము చేసినప్పుడు మనము కొనిపెట్టెడి వస్తువులలో మౌతార్గను ఒకటి. రెండు దినములు అది యింటిల్లిపాది చెవులను తూట్లు పొడుచును. మూడవ దినమున మంచము క్రిందికి జేరును. దానినొక వాద్యముగా మన యిండ్లలో నెవ్వరు నెంచరు. వీణయో వయొలీనో నేర్చిన యిల్లాండ్ర యెదుట దాని పేరెత్తుటయే చిన్నతనముగ నుండును. నేనును నిన్న మొన్నటి వఱకు అట్లే తలచియుంటిని. 62వ యేట ఒక మౌతార్గను సంచిలో వేసికొని శనివారము శనివారము పాఠమునకు బోవుదునని నాకెవరైన జోస్యము చెప్పియుండినచో, ఆ జోస్యుని దక్షిణ యీయకయే పంపియుందును.

జరిగిన దేమన, మా అమ్మాయి రెండవ పురిటికి షికాగో వెళ్లి యాఱు నెలలు అక్కడ నుంటిని. ఇట్లు పురిటికి సముద్రములు దాటి పోయివచ్చిన తల్లులు మన చదువరులలో ననేకులు గలరు గాన, ఆ చలికాలపు మధ్యాహ్నములను గూర్చి నేను వర్ణింప నక్కఱలేదు. బాలెంతకు పథ్యపు వంట, పసిదానికి నూనె రాచి నీళ్లు పోయుట ముగియుసరికి పదకొండు గంటలు. ఆ పిమ్మట మూసిన కిటికీలు, వెలుపల మంచు, ఇంటిలో నిశ్శబ్దము. మా అల్లుడు మాత్రము రాత్రి భోజనమైన పిదప క్రింది గదిలోనికి దిగి తలుపు వేసికొని యేదో వాయించుచుండెడివాడు. మొదటి రాత్రి ఎవరో స్త్రీ దుఃఖించుచున్నదని భ్రమసి నేను మెట్లు దిగి పోతిని. చూడగా అల్లుని చేతిలో నాలుగంగుళముల పొడవు గల మౌతార్గను!

“ఇదేమి నాయనా, ఇంత యేడుపు దీనిలో నెక్కడిది?” అంటిని.

“అత్తయ్యగారూ, ఇది తిరునాళ్ల మౌతార్గను కాదండీ. దానిని ఊది వాయిస్తారు, దీనిని పీల్చి వాయిస్తారు” అని యతడు నవ్వెను.

ఆ మాటలోని యర్థము నాకు బోధపడుటకు నాలుగు నెలలు పట్టినది.

తిరునాళ్లలో దొరకెడి దానికి సాధారణముగ రెండు వరుసల రంధ్రములుండును. ఒక్కొక్క స్వరమునకు ఇంచుక భేదముతో శ్రుతి చేసిన రెండేసి రీడులు కలిసి మ్రోగును గాన ఆ నాదము వణకుచు తీయగ నుండును. బ్లూస్ అను అమెరికా గానమును వాయించువారి వాద్యము వేఱు. దానికి ఒకే వరుసలో 10 రంధ్రములు; రంధ్రమునకు రెండు చొప్పున 20 రీడులు. ఒకటి ఊదినపుడు పలుకును, రెండవది పీల్చినపుడు పలుకును. రీడనగా మన హార్మోనియము కడుపులో నుండునట్టి సన్నని యిత్తడి నాలుకయే. జర్మనీ దేశమున ట్రొసింగెన్ అను పట్టణములో మథియాస్ హోనర్ అను గడియారముల పనివాడు 1857లో ఈ వాద్యములను చేయ మొదలిడెను. ఆ కంపెనీవారు 1896లో వెలువరించిన ‘మెరైన్ బ్యాండ్’ అను రకము తరువాతి కాలమున బ్లూస్ వాద్యకాండ్రకు ప్రాణప్రదమయ్యెను. అయితే చేసినవారి మనస్సులో బ్లూస్ లేదు. వారు తమ పల్లెపాటలకును నాట్యములకును తగినట్లు దానిని అమర్చుకొనిరి.

సంగీతము నేర్చిన సోదరీమణులు ఈ యమరికను కొంచెము గమనింతురు గాక. మొదటి రంధ్రము నుండి వరుసగా ఊదినచో స గ ప, స గ ప, స గ ప, స అని వచ్చును. పీల్చినచో రి ప ని రి, మ ధ ని రి, మ ధ అని వచ్చును. నడిమి స్థాయిలో సప్తస్వరములును గలవు. మంద్రస్థాయిలో మాత్రము మధ్యమమును లేదు, ధైవతమును లేదు! అక్కడ రెండు మూడు స్వరములు కలిపి పాటకు ఆసరాగా మ్రోగించుటయే చేసినవారి యుద్దేశము గాన, ఆ లోటు వారికి లోటుగా దోపలేదు. లేని యీ రెండు స్వరములను వెదకికొన్నవారి కథయే నేను చెప్పబోవునది.

హార్మోనియము మన దేశమునకు వచ్చినప్పుడు విద్వాంసులు పెట్టిన ఆక్షేపణ మన మెఱిగినదే. రీడు మీద స్వరము నిలుచునే గాని కదలదు, గమకము పలుకదు. ఈ కారణముచేతనే 1940లో ఆలిండియా రేడియోవారు హార్మోనియమును బహిష్కరించిరి. 1971 వఱకు ఆ నిషేధము సడలలేదు. మన పద్యనాటకములవారు దానిని విడువలేదనుట వేఱు సంగతి. ఆ హార్మోనియమునకు దగ్గఱి చుట్టమైన యీ చిన్న పెట్టెతో అమెరికా దక్షిణ రాష్ట్రములలోని నల్లజాతివారు గమకమును పలికించిరి.

వారు చేసిన మొదటి పని, స్థానము మార్చుట. వాద్యమును చేసినవారు స యన్నదానిని వీరు స యనుకొనలేదు. ప యన్నదానిని షడ్జముగ బట్టుకొనిరి. మనము గ్రహభేద మనునదే యిది. శంకరాభరణములో పంచమమును షడ్జముగ జేసికొన్నచో హరికాంభోజి యగును గదా! అట్లు చేయగనే ఆధారషడ్జము, దాని గాంధారము, దాని పంచమము మంద్రస్థాయిలో నన్నియు పీల్చెడి వైపునకు వచ్చి చేరును. పాట ఊపిరి లోనికి దీసికొనుటలో నిలుచును. ఇక పీల్చెడి రీడులలో మొదటి నాలుగును ఆఱవదియు ఒక చిత్రము చేయును: నాలుకను వెనుకకు దీసి నోటిలోని యాకారమును మార్చినచో స్వరము క్రిందికి వంగును. ఒకే గూటిలో నున్న రెండు రీడులలో నొకటి తగ్గుచుండ రెండవది యందుకొనుటచే నిది జరుగును. రెండవ రంధ్రమున పంచమము వంగి వంగి మధ్యమము వఱకు దిగును. మూడవ రంధ్రమున నిషాదము వంగి ధైవతమును దాటి మఱి యర స్వరము దిగును. చేసినవారు పెట్టని మధ్యమ ధైవతములు ఆ గూళ్లలోనే దాగియున్నవన్న మాట!

బ్లూస్ హరికాంభోజి రాగమని నేను చెప్పుట లేదు. పోలిక త్రోవ చూపుటకే. వారి గాంధారము సాధారణమును గాదు, అంతరమును గాదు. రెంటి నడుమ ఊగుచుండును. మూడవ రంధ్రమును ఇంచుక వంచి పీల్చినప్పుడే యా గాంధారము దొరకును. మెట్ల మీద నేను విన్న యేడుపు అదియే.

బ్లూస్ అనగా కేవలము దుఃఖగీతమని కొందఱందురు. అది సగమే నిజము. ఎత్తిపొడుపును హాస్యమును అందులో తక్కువగ లేవు. 1865లో బానిసత్వము రద్దయిన పిమ్మట పుట్టిన తరములవారు, మిసిసిపీ ప్రాంతపు ప్రత్తిచేలలోను చిన్న పట్టణములలోను పాడుకొన్న పాట యిది. సామాన్యముగ మూడు పంక్తులు: మొదటిది పాడి, దానినే మరల పాడి, మూడవ దానితో ముడి విప్పుదురు. నాలుగు దెబ్బల ఆవర్తములు పండ్రెండింటిలో ఇదంతయు నిముడును. పంక్తి ముగిసినప్పుడు మిగిలిన చోటిలో వాద్యము బదులు పలుకును. బుఱ్ఱకథలో కథకుడు ఆగినప్పుడు వంతలందుకొనుటను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. గిటారు కొనలేని కూలివానికి వంతగా జేబులో నిమిడెడి మౌతార్గను దొరకెను.

ఆ చౌకయైన వాద్యమును గొనుటకును చాలనివారు గలరు. జూనియర్ వెల్స్ అను ప్రసిద్ధ వాద్యకాడు తన బాల్యమును గూర్చి యొక కథ చెప్పుకొనెడివాడు. తాకట్టు దుకాణములోని మౌతార్గను వెల రెండు డాలర్లు. వారమంతయు పనిచేయగ నతనికి వచ్చినది డాలరున్నర. దుకాణదారు తగ్గింపకపోగా, ఆ డాలరున్నర బల్లమీద నుంచి వాద్యము తీసికొని పరుగెత్తెనట. న్యాయస్థానములో న్యాయాధిపతి “వాయించి చూపుము” అని యడిగి, విని, తక్కువైన యర డాలరు తానిచ్చి అభియోగము కొట్టివేసెనట. కథలో నెంత మెఱుగున్నదో గాని, చెప్పినవాడు తన్ను గూర్చియే చెప్పుకొనెను.

ఇక నా పాఠము సంగతి. మా అల్లుడు శనివారము ఉదయము పేటలోని గ్రంథాలయమునకు పోయి యొక వృద్ధుని వద్ద నేర్చుకొనుచుండెను. ఒకనాడు నన్నును వెంటబెట్టుకొని పోయెను. ఆయన డెబ్బదియైదేండ్లు పైబడిన నల్లజాతి పెద్దమనిషి. యౌవనమున రాత్రులు క్లబ్బులలో వాయించి, పగలు ఉద్యోగము చేసికొన్నవాడు. శిష్యులలో నొక నర్సు, ఒక లారీ డ్రైవరు, ఇద్దఱు కాలేజీ పిల్లలు. వారి నడుమ చీరపై కోటు తొడిగికొని, చెవులకు ఉన్ని టోపీతో నేను! ఎవ్వరును నవ్వలేదు. ఆయన నన్ను “మేడమ్” అని గౌరవముతో బిలిచి కుర్చీ చూపెను.

నాకు దోచిన మొదటి యభ్యంతరము మన యాడువారందఱికి దోచునదే: ఎంగిలి. అల్లుని వాద్యమును నోట బెట్టుకొనుట యెట్లు? అది వారికి సయితము అభ్యంతరమే యని యక్కడ దెలిసినది. ఈ వాద్యము ఒకరిది వేఱొకరు వాయింపరు. గురువు శిష్యుని వాద్యము తీసికొని “ఇట్లు” అని చూపుట యుండదు. తనది తాను వాయించును, మనది మనము వాయింపవలెను. కనుక నాకొక క్రొత్తది కొనిరి.

మొదటి రంధ్రము పలికినది. మూడవది పలికినది. రెండవ రంధ్రము మాత్రము, నేనెంత పీల్చినను, గొంతు నొక్కినట్లు కీచుమని యాగిపోయెను. వేసవిలో ముంజె జుఱ్ఱినట్లు బలమంతయు బెట్టి జుఱ్ఱితిని. ఫలము లేదు. “ఇది చెడిపోయినది, దుకాణమున మార్చుకొని రండి” అని అల్లునితో దెలుగున నంటిని. ఆయనకు భాష తెలియకున్నను సంగతి తెలిసెను. క్రొత్తగ గొన్నవారు సామాన్యముగ వారము లోపల రెండవ రంధ్రము చెడినదని దుకాణమునకు దిరిగి పోవుదురట! చెడినది వాద్యము గాదు, పీల్చెడి పద్ధతి. ఆయన చెప్పిన దిది: పీల్చవలదు, ఊపిరి తీయుము. దవడను క్రిందికి వదలుము, ఆవలింత వచ్చుచున్నట్లు. నిద్రించుచున్న పసిబిడ్డ కడుపు చూచితివా?

చూడక యేమి, ఇంటిలో నిరంతరము నా పని యదే గదా! ఆ వారమంతయు ఉయ్యెల ప్రక్క గూర్చుండి, మనుమరాలి పొట్ట లేచిపడుటను చూచుచు, ఆ వేగముననే ఊపిరి తీయుచు, వాద్యమును పెదవులకు ఆనించి యుంచితిని. గురువారమునాడు రెండవ రంధ్రము నిండుగ బలికినది. మనుమరాలు లేవలేదు. లేచియుండినచో మా అమ్మాయి యా వాద్యమును మంచులోనికి విసరియుండును.

ఇక్కడ నాకొక సంగతి తట్టినది. నేను చిన్ననాట కొంత వీణ నేర్చితిని. మా పంతులమ్మగారి వ్రేలు ఏ మెట్టు మీద నున్నది, తీగ నెంత లాగినది, నాకు గనబడుచుండెను. గాత్రములో సయితము గురువు నోరు కనబడును. ఈ వాద్యములో జరుగవలసిన పనియంతయు మూసిన పెదవుల వెనుక, నాలుక మొదట, గొంతు దగ్గఱ జరుగును. ఎంత దగ్గఱ గూర్చున్నను చూచుటకేమియు లేదు. పుస్తకములలో వ్రాసినది చదివితిని. నాలుక యిచ్చట నుంచుము, అచ్చట నుంచుము అని బొమ్మలతో సహా యున్నది. అది చదివి వాయింపబోయిన నాకు నాలుక యన్నదొకటి నోటిలో నున్నట్లు జీవితములో మొదటిసారి తెలిసినది గాని స్వరము వంగలేదు. ఇట్టి విద్య యొకరి నుండి యొకరి కెట్లు పోయినది? గురువుగారి నదే యడిగితిని. ఆయన బదులుగ నొక బాలుని కథ చెప్పెను. తరువాత నేను చదివి సరిచూచుకొంటిని.

1930వ దశకము చివరను షికాగోలో ఈ వాద్యమునకు రాజనదగిన వాడు జాన్ లీ విలియంసన్, సనీ బాయ్ అని ప్రసిద్ధుడు. టెనెసీ రాష్ట్రమున 1914లో బుట్టి, 1937లో రికార్డు లిచ్చుట మొదలు పెట్టెను. అంతకు పూర్వము వెనుక వంతగా నున్న మౌతార్గనును పాటతో సమానముగ ముందునకు దెచ్చినవా డితడే. బిల్లీ అను పండ్రెండేండ్ల బాలుడు, ఇంటిపేరు ఆర్నాల్డ్, ఆ రికార్డులు విని విని యొక మౌతార్గను సంపాదించుకొనెను. ఎంత వాయించినను రికార్డులో విన్న ఆ యేడుపు రాదు! బంధువుల మాంసపు దుకాణములో పనిచేయుచుండగ, గిటారుతో వచ్చిన యొక మనిషి వలన సనీ బాయ్ ఆ పేటలోనే యున్నాడని తెలిసెను. 1948 వసంతమున నా పిల్లవాడు తోడి పిల్లలతో బోయి తలుపు తట్టెను. అంతటి ప్రసిద్ధుడు, ముక్కు మొగము ఎఱుగని పిల్లలను, లోనికి బిలిచి కూర్చుండబెట్టెను. ఆ ధ్వని యెట్లు వచ్చునని బాలు డడుగగా, రీడును గొంతు నులిమినట్లు బిగబట్టవలెనని చెప్పి, వాయించి వినిపించెను. పిల్లవాడు రెండవసారియు బోయెను. మూడవసారి పోగా ఇంటావిడ చెప్పినది, ఆయన లేడని. 1948 జూన్ 1వ తేదీని రాత్రివేళ ఇంటికి వచ్చుచుండ దారిలో దుండగులు కొట్టి చంపిరి. ఆయన వయస్సు 34 సంవత్సరములు.

రెండు పాఠములు! ఆ రెంటితో ఆ బాలుడు బిల్లీ బాయ్ ఆర్నాల్డ్ అను పేర 1955లో తన సొంత రికార్డుతో ప్రసిద్ధి కెక్కెను. 2021లో తన జీవితకథను ప్రకటించినప్పుడు ఆ తలుపు తట్టిన దినములను మఱువలేదు. మా గురువుగా రీ కథ చెప్పి, “బిగబట్టుము” అన్న యా మాట యొక్కటి చాల గొప్పది గాదనియు, ఆ గదిలో నా పిల్లవాడు విన్న నాదమే పాఠమనియు జెప్పెను. చెవికి గుఱి దొరికినచో నాలుక చీకటిలో తడవుకొని యెప్పటికైన దారి కనుగొనునట.

మన చదువరులకు మఱింత దగ్గఱి కథ జేమ్స్ కాటన్‌ది. మిసిసిపీ రాష్ట్రమున ప్రత్తి పొలములలో 1935లో బుట్టినవాడు. అతని తల్లికి మౌతార్గను వచ్చును. రైలు పోవుట, కోళ్లు అఱచుట, ఈ రెండును ఆమె వాయించి బిడ్డలను ఆడించెడిది. ఆ వాద్యమున కా రెండు ధ్వనులు తప్ప వేఱు రావనియే పిల్లవాడు చాలకాలము నమ్మియుండెను. ఒకనాడు రేడియోలో వేఱొకటి వినబడెను. ఆర్కన్సా రాష్ట్రమున హెలీనా పట్టణపు రేడియోలో 1941 నుండి మధ్యాహ్నవేళ, భోజనపు సమయమున, కింగ్ బిస్కెట్ అను గోధుమపిండివారి పక్షమున నొక కార్యక్రమము సాగుచుండెను. అందు వాయించునతడు రైస్ మిల్లర్. షికాగో సనీ బాయ్ పేరే తానును బెట్టుకొన్న గడుసరి. ఆ పిండివారు మొక్కజొన్నపిండి సంచులమీద అతని బొమ్మనే యచ్చువేసి యమ్మిరట! వంటయింట పిండి సంచియు, రేడియోయు ఒకే మనిషిని జూపుచుండెనన్న మాట. కాటన్ ఆ పాటలను ఉన్నవి యున్నట్లు నేర్చెను. తొమ్మిదవ యేట అతని మామ వెంటబెట్టుకొని హెలీనాకు దీసికొనిపోగా, రైస్ మిల్లర్ యెదుట ఆయన పాటనే వాయించి చూపెను. పిమ్మట కొన్ని యేండ్లు ఆయన చెంతనే యుండెను. కూర్చుండబెట్టి చెప్పిన పాఠములు తక్కువ. ఆయన రాత్రి వాయించినదానిని మఱునాడు తాను వాయించుటయే విద్య. 1954లో మడ్డీ వాటర్స్ అను మహాగాయకుని మేళములో జేరి, తరువాత లోకమంతయు దిరిగి, 2017లో గతించెను. అందఱు రైస్ మిల్లరును అతని గురువందురు. రైలును కోళ్లను వాయించిన తల్లిని మొదటి గురువనుటకు నాకు సందేహము లేదు.

స్త్రీలు ఈ వాద్యమును బహిరంగముగ వాయించుట అరుదే. ఇంటిలో వాయించిన వారి పేర్లు రికార్డుల కెక్కలేదు. ఎక్కినవారిలో విల్లీ మే థార్న్‌టన్ ముఖ్యురాలు. ‘బిగ్ మామా’ యని పిలిచెడివారు. అలబామా రాష్ట్రమున 1926లో జననము, 1984లో మరణము. గాయనిగా ఆమె కీర్తి పెద్దది గాన మౌతార్గను సంగతి పలువురు మఱతురు. తనకెవ్వరును నేర్పలేదనియు, పాటయు మౌతార్గనును డ్రమ్ములును ఇతరులను చూచి తానే నేర్చుకొంటి ననియు నామె చెప్పెడిది. చూచుటకేమియు లేని వాద్యమును చూచి నేర్చుట యెట్లని నేను ముందు సందేహపడితిని. పురుషుల మేళములలో మూలనిలిచి వినుటకే ఆమె ‘చూచుట’ యని పేరు పెట్టెనేమో!

డిఫోర్డ్ బెయిలీ చరిత్ర చదివి మాత్రము నాకు కన్నీరాగలేదు. టెనెసీలో 1899లో బుట్టెను. మూడవ యేట పోలియో వచ్చి యేడాది మంచము పట్టెను. కదలునవి చేతులు మాత్రమే. ఆ చేతులలో మౌతార్గను. పండుకొనియే కుక్కల యఱపులు, కోడికూతలు, దూరపు రైలు, అన్నియు దానిలోనికి దెచ్చెను. బడికి పోవునప్పుడు రైలువంతెన క్రింద నిలిచి, రైలు పోవుచుండ కన్నులు మూసికొని విని, ఆ ధ్వనిని వాయించుచు బడికి జేరెడివాడట. 1927లో రికార్డిచ్చిన ‘పాన్ అమెరికన్ బ్లూస్’ అతని రైళ్లలో కెల్ల ప్రసిద్ధము. నాష్‌విల్ రేడియోలోని గ్రాండ్ ఓలె ఆప్రీ అను ప్రఖ్యాత కార్యక్రమమున మొదటి తారలలో నితడొకడు. 1941లో అతనిని తొలగించిరి. ఆ పిమ్మట నా పట్టణముననే జోళ్లకు మెఱుగు పెట్టెడి దుకాణము నడపుకొని బ్రదికెను. 1982లో మరణించెను, కంట్రీ సంగీతపు గౌరవమందిరమున అతని పేరు చేర్చినది 2005లో. రేడియోలో అతని రైలు వినినవారిలో కొందఱు తరువాత అతని యెదుట కాలు చాచి జోళ్లు తుడిపించుకొని యుండవచ్చునని తలచిన మనస్సు కలుక్కుమనును.

ఈ కాలమున గురువు దొరకుట సులభమైనది. షికాగోలో 1957లో నెలకొల్పిన ఓల్డ్ టౌన్ జానపద సంగీత పాఠశాలలో జో ఫిలిస్కో అను ఘనుడు పూర్వుల పద్ధతులను ఏండ్ల తరబడి నేర్పెను. మిసిసిపీ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఆడమ్ గుస్సో 2007 నుండి యూట్యూబులో ఉచితముగ పాఠములు పెట్టెను. ఆయనయు న్యూయార్కు వీథులలో నల్లజాతి వాద్యకాండ్ర చెంత జేరి నేర్చినవాడే. నేను వానిని చూచితిని, మేలు కలిగినది. మరల మరల వినవచ్చును, వేగము తగ్గించి వినవచ్చును. పూర్వులు గ్రామఫోను పళ్లెమును నెమ్మదిగ ద్రిప్పి యీ పనియే చేసిరి. కాని తెరమీది గురువునకు మన తప్పు వినబడదు. నేను నాలుగు వారములుగ రెండవ రంధ్రమును వంచుచున్నానని సంతోషించుచుంటిని. శనివారమున వృద్ధుడు ఒక్కసారి విని, అది వంగుట గాదు, ఊపిరి తగ్గుటచే స్వరము సన్నగిల్లుట యని చెప్పెను. “ఈ” యని మొదలిడి నోటి లోపలనే “ఊ” యనుచు, ఊపిరిని మాత్రము తగ్గింపకు మనెను. మఱి మూడు వారములకు, అంట్లు తోమి చేతులు తుడుచుకొని ఊరక పెదవుల నానించినప్పుడు, పంచమము నుండి స్వరము జాఱి మధ్యమమున నిలిచినది. మా అమ్మాయి మేడమీద నుండి “అమ్మా, అది నువ్వేనా వాయించింది?” అని కేక వేసెను. నేను బదులు చెప్పలేదు. మరల ప్రయత్నింపగ రాలేదు గూడ.

నేర్చుకొనదలచినవారికి రెండు మాటలు. పది రంధ్రములది, సి శ్రుతిది కొనుడు. రెండు వరుసలది కొన్నచో స్వరములు వంగవు. వాయించుటకు ముందు నోరు పుక్కిలించుకొనుడు. తీపి తిని వాయించినచో రీడులు బంకపట్టును. వాయించిన పిదప రంధ్రములు క్రిందికుండునట్లు అఱచేతిపై తట్టి, ఆరనిచ్చి, పెట్టెలో బెట్టుడు. చెక్కతో జేసినదానిని నీళ్ల నానవేయరాదు. ఉబ్బి పెదవులు గీచుకొనును. తల తిరిగినచో వెంటనే యాపుడు. క్రొత్తలో నధికముగ ఊపిరి తీయుటచే నట్లగును. ఉబ్బసము మున్నగునవి యున్నవారు వైద్యుని అడుగకయే మొదలిడవలదు.

నేను తిరిగి వచ్చు ముందు వృద్ధుడు నాకొక పని యప్పగించెను. మొదటి మూడు రంధ్రములు కలిపి, రెండు మార్లు పీల్చి రెండు మార్లు ఊది, మెల్లగ మొదలిడి వేగము హెచ్చించుకొనుచు పోవలెను. ఇంజను బయలుదేరును. వేగము నిలుకడ పొందిన పిదప మూడు నాలుగు రంధ్రములు కలిపి పీల్చి, దోసిలి తెఱచుచు మూయుచు నుండినచో రైలు కూయును. కాటన్ తల్లి బిడ్డలకు వినిపించిన దిట్టిదే కావచ్చును.

మా యిల్లు రాజమహేంద్రవరము. గోదావరి వంతెన మీదికి బండి యెక్కుట మా పెరటిలోనికి వినబడును. సాయంకాలము తులసికోట వద్ద దీపము పెట్టి, అరుగు మీద గూర్చుండి, గూడ్సు బండి వచ్చువఱకు వేచి, దానితోపాటు నేనును బయలుదేరుదును. షికాగోలోని పెద్ద మనుమడు ఆదివారము ఫోనులో “అమ్మమ్మా, రైలు” అని యడుగును. ఇంజను బాగుగనే కదలుచున్నది. వంతెన కూడ దాటుచున్నది. కూత యింకను కుదురలేదు. మూడవ రంధ్రము పీల్చుచుండగ నాల్గవది జాఱిపోవును. వాడు మాత్రము అది మా యూరి రైలు కూత యట్లే యుండుననుకొనుచున్నాడు.